మూడు, రెండు, ఒకటి... ఇంకా మెలకువే

పోయిన సెమిస్టర్‌లో దాదాపు ఆరు వారాలు నాకు రాత్రిళ్ళు నిద్ర పట్టలేదు. కారణం పెద్దదేం కాదు. ఒక సబ్జెక్ట్ పోయింది, ఇంట్లో చెప్పలేదు. పదకొండున్నరకి లైటు ఆపేసి పడుకుంటే రెండింటి వరకు ఫ్యాన్ రెక్కలు లెక్కపెట్టుకుంటూ ఉండేవాణ్ణి. ఉన్నవి మూడే రెక్కలు కాబట్టి ఆ పని కూడా తొందరగా అయిపోయేది. పొద్దున తొమ్మిదింటి క్లాసులో మాత్రం భలే నిద్ర వచ్చేది.

మా రూమ్మేట్ కడప జిల్లా వాడు, వేంపల్లె దగ్గర. నా బాధ చూళ్ళేక వాడే చెప్పాడు, నిద్ర కోసం హిప్నాసిస్ ఆడియోలు ఉంటాయంట, విని చూడమని. వెతికితే వందల్లో దొరికాయి. ఒకటి పెట్టుకున్నా. ఎవరో విదేశీ ఆయన, గొంతు మాత్రం పాలకోవాలా ఉంది. మీరు ఒక సముద్ర తీరంలో పడుకుని ఉన్నారు, తెల్లటి ఇసుక, మెల్లగా అలలు అని మొదలుపెట్టాడు. నేను కర్నూలు వాణ్ణి. మాకు సముద్రం అంటే బస్సులో ఒక పూట ప్రయాణం. సముద్రం అనగానే నాకు గుర్తొచ్చింది చిన్నప్పుడు మెరీనా బీచ్‌లో పోయిన ఎడమకాలి చెప్పు, దాని కోసం అమ్మ తిట్టిన తిట్లు. ఆయన పది నుంచి కిందికి లెక్కపెట్టి మూడు, రెండు, ఒకటి అన్నాడు. నేను కళ్ళు తెరుచుకుని చెప్పు గురించే ఆలోచిస్తున్నా.

తర్వాత రాత్రి రూమ్మేట్ "ఒరేయ్, ఒగ ఇయర్‌ఫోన్ నాకియ్యి, నేనూ ఇంటా" అని పక్క మంచం మీద నుంచే వైరు లాక్కున్నాడు. ఆయన ఏడు దాకా వచ్చేసరికి వీడు గురక.

ఒకటే ఆడియో, ఒకటే గది, ఒకటే ఫ్యాన్. ఒకడు పడుకున్నాడు, ఒకడు పడుకోలేదు. దీని వెనకాల ఏముందో తెలుసుకుందామని మొదలుపెట్టి, నాకు నిద్ర రాని రాత్రుల్లో చదివిందే ఈ వ్యాసం.

ముందు సినిమా హిప్నాటిజం ఒకటి పక్కన పెట్టేద్దాం. మనలో చాలామందికి హిప్నాసిస్ అంటే 'అపరిచితుడు'లో నాజర్ హీరోని కూర్చోబెట్టి లోపల దాక్కున్న వాళ్ళని ఒక్కొక్కరినీ బయటికి లాగే సీను. ఇంకొంచెం వెనక్కి వెళ్తే నల్ల కోటు, ఊగే గడియారం, 'నా కళ్ళలోకి చూడు'. తెలుగులో దీనికి వశీకరణం అనే మాట కూడా వాడతారు. ఆ మాటతోనే సగం నష్టం జరిగిపోయింది. ఎవరో మనల్ని వశం చేసుకుంటారు అనే భయం అందులోనే ఉంది.

నిజానికి జరిగేది చాలా సాదా సీదా సంగతి. మనసు ఒకే విషయం మీద నిలుస్తుంది, చుట్టుపక్కల సంగతుల మీద ధ్యాస తగ్గుతుంది, ఆ సమయంలో చెప్పే మాటకి శరీరం మామూలు కన్నా ఎక్కువగా స్పందిస్తుంది. అంతే. హిప్నాసిస్‌లో ఉన్న మనిషికి మాటలు వినపడతాయి, ఇష్టం లేకపోతే లేచి వెళ్ళిపోవచ్చు. మెదడు తరంగాలు కొలిచే ఈఈజీలో చూస్తే అది నిద్ర కాదు, మెలకువే. తమాషా ఏంటంటే పేరులోనే తప్పు ఉంది. జేమ్స్ బ్రెయిడ్ అనే స్కాట్లండ్ డాక్టర్ 1840లలో హిప్నాటిజం అనే మాటని ప్రచారంలోకి తెచ్చాడు. హిప్నోస్ అంటే గ్రీకులో నిద్ర దేవుడు. ఇది నిద్ర కాదు, ఒకే ఆలోచన మీద మనసు నిలవడం అని ఆయనకే తర్వాత అర్థమై వేరే పేరు పెట్టాలని చూశాడు. అప్పటికే పాత పేరు జనం నోళ్ళలో పడిపోయింది. వేరియబుల్‌కి తప్పు పేరు పెట్టి, పది ఫైళ్ళలో వాడేశాక మార్చలేని పరిస్థితి మనకి కొత్తేం కాదు కదా.

ఆయనకంటే ముందు ఇదే మాట చెప్పినవాడు మన దేశం వాడని తెలిసినప్పుడు నాకు నిజంగా ఆశ్చర్యమేసింది. గోవాలోని కాండోలిమ్‌లో 1756లో పుట్టిన ఫాదర్ ఫారియా. అప్పట్లో ఐరోపాలో మెస్మర్ శిష్యులు అయస్కాంత శక్తి ఏదో చేతుల్లోంచి రోగిలోకి ప్రవహిస్తుందని నమ్మేవాళ్ళు. ఫారియా 1813 నుంచి ప్యారిస్‌లో ప్రదర్శనలిస్తూ, శక్తి నా చేతుల్లో లేదు, అంతా కూర్చున్న మనిషి మనసులోనే జరుగుతోందని చెప్పాడు. పంజిమ్‌లో ఆయన విగ్రహం ఉంది. ఒక స్త్రీ మీదికి చేతులు చాచి నిలబడినట్టు చెక్కారు. చూస్తే మళ్ళీ మంత్రగాడిలాగే కనిపిస్తాడు, పాపం.

బెంగాల్ కథ ఇంకోటుంది. హుగ్లీలో జేమ్స్ ఎస్‌డెయిల్ అనే సర్జన్ 1845లో ఒక ఖైదీకి ఆపరేషన్ చేస్తూ, నొప్పి తెలియకుండా ఈ పద్ధతి వాడి చూశాడు. మత్తుమందు ఇంకా రాని రోజులవి. అది పనిచేసేసరికి వరసగా చాలా ఆపరేషన్లు చేశాడు, 1846లో కలకత్తాలో దీనికోసం ఒక ఆసుపత్రే పెట్టారు. రోగుల పక్కన గంటల తరబడి కూర్చుని చేతులు తిప్పే పని మాత్రం ఆయన కింద పనిచేసే మన వాళ్ళది. ఆ తర్వాత ఈథర్, క్లోరోఫామ్ వచ్చాయి, కొన్ని నిమిషాల్లో పని అయిపోతుంటే గంటలు ఎవరు కూర్చుంటారు.

తెలుగులో ఈ విషయాన్ని ఇంటింటికీ చేర్చిన పేరు ఒక్కటే, డాక్టర్ బి.వి. పట్టాభిరామ్. కాకినాడలో పుట్టి, ఫుడ్ కార్పొరేషన్‌లో ఉద్యోగం చేస్తూ మెజీషియన్ అయి, తర్వాత సైకాలజీ వైపు వచ్చిన మనిషి. 2025లో చనిపోయారు. మా నాన్న వాళ్ళ తరానికి హిప్నాటిజం అంటే ఆయన స్టేజి షోనే. స్టేజి షోలో ఒక కిటుకు ఉంటుంది. ముందు ప్రేక్షకులందరినీ వేళ్ళు ముడేసి గట్టిగా పట్టుకోమంటారు, మీ చేతులు అతుక్కుపోయాయి, విడిపోవు అంటారు. ఎవరి చేతులు నిజంగా విడిపోవో వాళ్ళనే స్టేజి మీదికి పిలుస్తారు. అంటే మాయ స్టేజి మీద కాదు, ఆ ఎంపికలోనే ఉంది. నా రూమ్మేట్ ఆ హాల్లో ఉండుంటే వాణ్ణి పిలిచేవాళ్ళు, నన్ను కాదు.

ఈ తేడాని కొలవడానికి 1959లో స్టాన్‌ఫర్డ్‌లో వైట్‌జెన్‌హోఫర్, హిల్గార్డ్ అనే ఇద్దరు ఒక స్కేలు తయారుచేశారు. చెయ్యి బరువెక్కుతోంది అని చెబితే కిందికి దిగిందా, మోచెయ్యి వంగదు అంటే నిజంగా వంగలేదా అని పన్నెండు చిన్న పరీక్షలు. దాదాపు 100 మందిలో 10 నుంచి 15 మంది బాగా స్పందిస్తారు, ఇంచుమించు అంతే మందికి ఏమీ కాదు, మిగతా అందరూ మధ్యలో. ఇది తెలివికి గానీ, మనోబలానికి గానీ సంబంధించింది కాదు. కొంతమందికి పాట వింటే ఒళ్ళు జలదరిస్తుంది, కొంతమందికి ఉండదు, అలాంటిదనుకోండి. పైగా ఇది పెద్దగా మారదు కూడా. ఒకప్పుడు స్టాన్‌ఫర్డ్‌లో ఈ పరీక్ష రాసిన 50 మంది విద్యార్థులని 25 ఏళ్ళ తర్వాత వెతికి పట్టుకుని మళ్ళీ పరీక్షిస్తే, మార్కులు దాదాపు అలాగే వచ్చాయని 1989లో ప్రచురించారు. పెళ్ళిళ్ళయ్యాయి, పిల్లలు పుట్టారు, ఉద్యోగాలు మారాయి, ఇది మాత్రం మారలేదు.

మేము కూడా మా ఫ్లోర్‌లో ఒక ఆదివారం ప్రయత్నించాం. కళ్ళు మూసుకుని రెండు చేతులూ ముందుకు చాపాలి. ఎడమ చేతికి నీళ్ళ బకెట్ తగిలించారు, ఎవరో చెంబుతో పోస్తూనే ఉన్నారు అనుకోవాలి. కుడి చేతికి గాలి బుడగలు కట్టారు అనుకోవాలి. రెండు నిమిషాల తర్వాత కళ్ళు తెరిస్తే రూమ్మేట్ ఎడమ చెయ్యి మోకాలి దగ్గర, కుడి చెయ్యి చెవి దగ్గర ఉన్నాయి. నా రెండు చేతుల మధ్య తేడా నాలుగు వేళ్ళుంటుందేమో. ఎదురు గది అన్నకి అసలు కదల్లేదు, "బకెట్ యాడుంది రా, మన బాత్రూమ్‌లోనే లేదు గదా" అన్నాడు.

ఇక అసలు విషయం, నిద్ర.

2014లో స్విట్జర్లాండ్‌లో కోర్డి, రాష్ అనే పరిశోధకుల బృందం ఒక ప్రయోగం చేసింది. ఆరోగ్యంగా ఉన్న 70 మంది యువతులు ల్యాబ్‌కి వచ్చి పగటిపూట గంటన్నర కునుకు తీయాలి. పడుకునే ముందు ఒకరోజు 13 నిమిషాల హిప్నాసిస్ ఆడియో, ఇంకోరోజు మామూలుగా ఏదో చదివిన ఆడియో. తలకి ఈఈజీ వైర్లు. బాగా స్పందించే వాళ్ళలో హిప్నాసిస్ విన్న రోజు గాఢ నిద్ర 81 శాతం పెరిగింది, మెలకువగా గడిపిన సమయం 67 శాతం తగ్గింది. తక్కువ స్పందించే వాళ్ళకి ఈ లాభం ఏమీ రాలేదు. బాగా పడుకున్నట్టు నటించమని చెప్పిన వాళ్ళకీ రాలేదు. ఆ ఆడియోలో ఏముందంటే ఒక చేప. అది నీళ్ళలో లోతుకి, ఇంకా లోతుకి ఈదుకుంటూ పోతుంది.

గాఢ నిద్ర అంటే ఏదో మాటవరసకి అన్నది కాదు. నిద్రలో దశలుంటాయి, దాదాపు గంటన్నరకి ఒక చక్రం. అందులో ఒక దశలో మెదడు తరంగాలు పెద్దగా, నెమ్మదిగా, సెకనుకి నాలుగు కన్నా తక్కువగా వస్తాయి. పొద్దున చదివింది రాత్రి గట్టిపడటంలో, ఒళ్ళు తేరుకోవడంలో ఆ దశకి పెద్ద పాత్ర ఉంది. నిద్రమాత్రల్లో చాలా రకాలు పడుకోబెడతాయి గానీ ఈ దశని పెంచవు, కొన్ని తగ్గిస్తాయి కూడా. కాబట్టి ఒక ఆడియో దాన్ని పెంచిందంటే చిన్న విషయం కాదు.

అయితే ఈ ప్రయోగంలో ఉన్నవాళ్ళు నిద్ర పట్టని రోగులు కాదు, మామూలు యువతులు. అది మర్చిపోకూడదు. 2018లో ఇలాంటి 24 అధ్యయనాలని ఒకచోట పెట్టి చూశారు. 58 శాతం అధ్యయనాల్లో నిద్రకి లాభం కనిపించింది, 29 శాతంలో కనిపించలేదు, మిగతావాటిలో అటూ ఇటూ. చాలా అధ్యయనాలు చిన్నవి. నేనైతే దీన్ని 'పనిచేస్తుంది' అని రాయను, 'కొందరికి పనిచేస్తుంది, హాని దాదాపు లేదు' అని రాస్తా. యాప్‌ల వాళ్ళు మాత్రం మొదటి మాటే రాస్తారు, నెలకి డబ్బులు తీసుకుంటారు.

ఎందుకు పనిచేస్తుందో అర్థం కావాలంటే నిద్ర ఎందుకు రాదో చూడాలి. నిద్ర అనేది మనం చేసే పని కాదు. చెయ్యి ఎత్తు అంటే ఎత్తగలం, నిద్రపో అంటే పోలేం. గట్టిగా ప్రయత్నించే కొద్దీ ఒళ్ళు అప్రమత్తమవుతుంది. 'ఇప్పుడు పడుకుంటే ఐదు గంటలు, ఇప్పుడు పడుకుంటే నాలుగున్నర' అని లెక్కలు వేసే ప్రతిసారీ మనమే ఒక ఇంటరప్ట్ పంపుతున్నాం, నిద్రలోకి జారుతున్న ప్రాసెస్ ఆగిపోతోంది. హిప్నాసిస్ చేసేది ఏంటంటే ఆ లెక్కలు వేసే వాడికి వేరే పని అప్పగించడం. చేపని చూస్తూ ఉండు అంటుంది. అక్కడ నువ్వు చేయాల్సింది ఏమీ లేదు, జరుగుతున్నది చూడటమే. పడుకోవాలి అనే ప్రయత్నం పక్కకి తప్పుకుంటే నిద్ర దాని దారిన అది వస్తుంది.

రెండోది అలవాటు. రూమ్మేట్ వాళ్ళ నాయనకి చీనీ తోట ఉంది. ఒకప్పుడు పొలానికి త్రీఫేజ్ కరెంటు రాత్రిపూట వచ్చేది, ఒంటి గంటకో రెండింటికో లేచి వెళ్ళి మోటరు వేసేవాడు. రాయలసీమలో ఆ తరం రైతులందరిదీ అదే కథ, చీకట్లో పాములు, తేళ్ళు, తడి చేతులతో స్టార్టర్. ఇప్పుడు పగలే కరెంటు వస్తోంది. ఆయనకి మాత్రం ఇప్పటికీ రెండింటికి ఠంచనుగా మెలకువ వస్తుంది, కాసేపు మంచం మీద కూర్చుని బీడీ తాగి పడుకుంటాడు. మెదడు ఒక సమయాన్నో, ఒక చోటునో మెలకువతో ముడేసుకుందంటే ఆ ముడి అంత తేలిగ్గా విడిపోదు. మన హాస్టల్ మంచం సంగతీ అంతే. అదే స్టడీ టేబుల్, అదే డైనింగ్ టేబుల్, అదే సినిమా హాలు. దాని మీద రోజుకి పది గంటలు మెలకువగా ఉండి, లైటు ఆపగానే ఇప్పుడిది పడక అంటే మెదడు ఎందుకు నమ్ముతుంది?

ఇవన్నీ చదివాక నాకు వచ్చిన అనుమానం ఒకటే. నాకు పని చేయనిది హిప్నాసిసా, లేక ఆ సముద్రమా? నేను మరీ స్పందించని వాణ్ణేం కాదు, నాలుగు వేళ్ళ తేడా వచ్చింది కదా. మధ్యలో వాణ్ణి. మధ్యలో వాళ్ళకి కల్పన సొంతదై ఉండాలేమో అనిపించింది. ఇది నా ఊహే, స్విట్జర్లాండ్ వాళ్ళు చెప్పింది కాదు.

అలా అనుకున్నప్పుడు మా అవ్వ గుర్తొచ్చింది. ఎండాకాలం సెలవులకి అవ్వ వాళ్ళ ఊరు వెళ్తే, ఆమె కథ చెప్పేది, మేము ఊ కొట్టాలి. ఊ ఆగిపోతే కథ ఆగిపోతుంది, అది రూలు. ఏడు చేపల కథ ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. ఇప్పుడు చూస్తే ఆ పద్ధతిలో అన్నీ ఉన్నాయి. ఒకే రకంగా సాగే గొంతు. ముందే తెలిసిన కథ కాబట్టి తర్వాతేంటి అనే ఆత్రం లేదు. మళ్ళీ మళ్ళీ వచ్చే ఒకే వాక్యం. ఊ కొట్టడం అనే చిన్న పని, మనసు వేరే చోటికి పోకుండా కట్టేసే గూటం. ఊ కొంచెం కొంచెంగా పలచబడి, ఆలస్యమై, ఆగిపోయేది. ఆమె ఆగి ఒక నిమిషం చూసి దుప్పటి కప్పేది. స్విట్జర్లాండ్‌లో ఒక చేప, మా అవ్వ దగ్గర ఏడు. ఇది హిప్నాసిస్ అని అవ్వకి చెబితే నవ్వుతుంది.

సరే, మేమే తెలుగులో ఒకటి రాసుకుందాం అనుకున్నాం. ఇలాంటి ఆడియోల నిర్మాణం కష్టమేం కాదు. ముందు ఒళ్ళు వదులు చేయడం, కాళ్ళ నుంచి తల దాకా ఒక్కో భాగం మీద ధ్యాస పెట్టడం. యోగనిద్ర చేసిన వాళ్ళకి ఇది తెలుసు. బీహార్‌లోని ముంగేర్ యోగా స్కూల్ స్వామి సత్యానంద సరస్వతి ప్రచారం చేసిన పద్ధతిలోనూ ఇలాగే వరసగా ఒళ్ళంతా తిరిగి వస్తారు. తర్వాత లోతుకి తీసుకుపోయే ఒక దృశ్యం, సాధారణంగా మెట్లు దిగడం, ఒక్కో మెట్టుకీ ఒక అంకె. తర్వాత చెప్పాల్సిన మాట. పగలు చేసే హిప్నాసిస్‌లో చివర మెల్లగా లేపుతారు, రాత్రి ఆడియోలో లేపరు, అలాగే వదిలేస్తారు.

బెర్లిన్‌లో షుల్ట్జ్ అనే డాక్టర్ 1932లో రాసిన పద్ధతిలో 'నా చేతులు బరువుగా ఉన్నాయి, నా చేతులు వెచ్చగా ఉన్నాయి' అని చెప్పుకోవాలి. దానికి కారణం ఉంది. నిద్రలోకి పోయేటప్పుడు ఒంటి లోపలి వేడి కొంచెం తగ్గాలి, అది చేతులు, కాళ్ళ చర్మం నుంచి బయటికి పోతుంది, అందుకే అవి వెచ్చబడతాయి. సైన్స్ కరెక్టే. కానీ మే నెలలో కర్నూల్లో పగలు 44, 45 డిగ్రీలు కాసి, రాత్రి పదింటికి కూడా మిద్దె బండలు పెనంలా ఉన్నప్పుడు 'నీ చేతులు వెచ్చబడుతున్నాయి' అని ఎవరైనా అంటే నిద్ర కాదు, కోపం వస్తుంది. అది తీసేశాం.

దానికి బదులు మిద్దె పెట్టాం. సాయంత్రం మిద్దె మీద బండల మీద బిందెలతో నీళ్ళు చల్లుతాం కదా, మొదట చుర్రుమని ఆవిరి, తర్వాత మట్టి వాసన, రెండో బిందెకి, మూడో బిందెకి చల్లబడుతుంది. బొంత పరుచుకుని వెల్లకిలా పడుకుంటే వీపు కింద చల్లదనం. ఎక్కడో దూరంగా ఎర్రగుంట్ల వైపు గూడ్స్ బండి, ఆగకుండా పోతూనే ఉంటుంది, ఒక్కో పెట్టె చప్పుడుకి ఒక్కో ఊపిరి. ఈ గూడ్స్ బండి రూమ్మేట్ ఐడియా. నాకు అన్నిటికన్నా నచ్చింది కూడా అదే.

గొడవ మెట్ల దగ్గర వచ్చింది. నేను దిగుడుబావి అన్నా. ఒక్కో మెట్టు దిగుతుంటే చల్లగా, నిశ్శబ్దంగా, చివర నీళ్ళు. వాడు ఒప్పుకోలేదు.

"మా ఊర్లో బాయిలో నీళ్ళు ఎప్పుడుండె రా? నేను పుట్టినప్పటి సంది సూళ్ళేదు. దాంట్లో కంప చెట్లుండాయి."

"ఊహే కదరా."

"ఊహైనా ఒగ లెక్కుండాల."

చివరికి పాత కాలం బావి అని రాసి ఊరుకున్నాం. నా గొంతుతో ఫోన్‌లోనే రికార్డ్ చేశాం, పన్నెండు నిమిషాలొచ్చింది. చదివేటప్పుడు తెలిసిన విషయం, మామూలు మాటల వేగంలో సగం కూడా ఉండకూడదు. ఇంకోటి, 'నిద్ర పట్టాలి', 'ఆలోచించకు' లాంటి మాటలు పెట్టకూడదు. ఆలోచించకు అంటే ఆలోచనే వస్తుంది. 'నిద్ర వచ్చినా సరే, రాకపోయినా సరే, ఒళ్ళు విశ్రాంతి తీసుకుంటోంది' అని రాశాం. ఆ ఒక్క వాక్యమే నాకు ఎక్కువ పనిచేసిందని నా నమ్మకం.

నా ఫలితం నిజాయితీగా చెప్తా. మొదటి మూడు రాత్రులు నా గొంతు నేనే వినలేక నవ్వొచ్చింది. రూమ్మేట్‌తో మళ్ళీ చదివించాం. వారం తర్వాత రెండింటి దాకా పోయేది పన్నెండున్నరకి వచ్చింది. అయితే ఆ వారంలోనే నేను ఇంకో రెండు పనులు కూడా చేశా. మంచం మీద ల్యాప్‌టాప్ మానేశా, అమ్మకి ఫోన్ చేసి సబ్జెక్ట్ పోయిన సంగతి చెప్పేశా. మూడు మార్పులు ఒకేసారి చేసి ఏది బగ్‌ని పోగొట్టిందో అడిగితే ఎవరు చెప్పగలరు? ప్రోగ్రామింగ్ ల్యాబ్‌లో ఇలా చేస్తే మార్కులు కోస్తారు.

దీర్ఘకాలం నిద్ర పట్టని వాళ్ళకి డాక్టర్లు మొదట చెప్పేది హిప్నాసిస్ కాదు, మాత్రలూ కాదు. నిద్ర కోసం ప్రత్యేకంగా చేసే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ. అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లో పెద్దవాళ్ళందరికీ మొదటి చికిత్స అదే అని సిఫార్సు చేసింది. అందులో ముఖ్యమైనవి విచిత్రంగా ఉంటాయి. నిద్ర వచ్చినప్పుడే మంచం ఎక్కాలి, కాసేపటికి రాకపోతే లేచి వేరే చోట కూర్చోవాలి, రాత్రి ఎంత ఆలస్యమైనా పొద్దున ఒకే టైముకి లేవాలి. హాస్టల్‌లో 'వేరే చోట' అంటే వరండాలో మెట్లు. దోమలుంటాయి, ఫరవాలేదు. హిప్నాసిస్ దీనికి పక్క వాయిద్యంలా సాయం చేస్తుంది.

హిప్నోథెరపీ అని బోర్డు పెట్టుకున్న చోటికి వెళ్ళాలనుకుంటే ముందు ఒకటి అడగండి: మీరు సైకియాట్రిస్టా, లేక ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్ ఉన్న క్లినికల్ సైకాలజిస్టా? వారాంతపు కోర్సు సర్టిఫికెట్లు గోడ నిండా ఉంటే చాలదు. గత జన్మలోకి తీసుకెళ్తామంటే లేచి వచ్చేయండి. హిప్నాసిస్‌లో గుర్తొచ్చే జ్ఞాపకాలు నిజం కానక్కర్లేదు, మెదడు అప్పటికప్పుడు అల్లేస్తుంది. లేని గొంతులు వినపడటం లాంటి జబ్బులున్న వాళ్ళు డాక్టర్‌ని అడగకుండా దీని జోలికి పోకూడదు. బండి నడుపుతూ ఈ ఆడియోలు వినొద్దని వేరే చెప్పాలా? మన కాలేజీలో చెప్పాల్సిందే అనుకుంటా. గట్టిగా గురకపెట్టి మధ్యలో ఊపిరి ఆగిపోయే వాళ్ళది వేరే సమస్య, దానికి ఏ చేపా పనిచేయదు.

ఇంకో సంగతి, ఇది మాత్రం సీరియస్‌గా. నిద్ర పోవడం ఒక్కోసారి వేరే దానికి మొదటి గుర్తు. రెండు వారాలకి మించి నిద్రతో పాటు తిండి, ఇష్టమైన పనులు, మనుషులు అన్నీ వద్దనిపిస్తుంటే ఆడియోలు వెతుక్కుంటూ కూర్చోవద్దు. టెలీ మానస్ నంబర్ 14416, 2022 నుంచి నడుస్తోంది, డబ్బులు తీసుకోరు, తెలుగులో మాట్లాడతారు, రాత్రి రెండింటికి కూడా. ఆ ఆరు వారాల్లో నాకు ఈ నంబర్ ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. అందుకే ఇక్కడ రాస్తున్నా.

మా రికార్డింగ్ ఫ్లోర్‌లో చాలామంది ఫోన్లలోకి పోయింది. ఎదురు గది అన్న బకెట్ పరీక్షలో చెయ్యి కదపని వాడు కూడా విన్నాడు, నిద్ర పట్టలేదు గానీ గూడ్స్ బండి బాగుందన్నాడు. రూమ్మేట్ వాళ్ళ నాయనకి కూడా వాట్సాప్‌లో పంపాడు, రాత్రి రెండింటికి బీడీకి బదులు వినమని. రెండు రోజుల తర్వాత ఫోన్ వచ్చింది, స్పీకర్‌లో నేనూ విన్నా.

"ఏం నాయనా, ఇన్న్యావా?"

"ఇన్న్యాను. మిద్దె కాడికి బాగానే కన్ను మలిగింది. మళ్ళ బాయి అన్యావు, మెట్లు దిగితే నీళ్ళుండాయన్యావు. లేసి కూర్చున్యా."

"ఎందుకు?"

"యా ఊరి బాయిరా అది, ఈ కాలంలో నీళ్ళుండేది? ఎన్ని మెట్లకు పడినాయి?"

తర్వాత పావుగంట ఇద్దరూ బోరు గురించే మాట్లాడుకున్నారు. ఆయనకి వేరే రికార్డింగ్ చేయాలి. ఈసారి మిద్దె దగ్గరే ఆపేస్తాం.